సంకలనకర్త ధర్మం – ఘంటసాల పాటల సీడీలు

ఏరి కూర్చడం కూడా ఒక రచనయే. ఈ సంగతి మన ప్రాచీనులకు తెలిసినంతగా పాటల వ్యాపారులకు తెలియలేదని నా అభిప్రాయం.

మడికి సింగన ‘సకలనీతి సమ్మతము’ కూర్చినాడు. పెదపాటి జగన్నాథకవి ‘ప్రబంధ రత్నాకరము’ కూర్చినాడు. ఇద్దరూ తమకు ముందున్న కవుల పద్యాలను ఏరి, విషయానుసారంగా పేర్చి, ఏ పద్యం ఎక్కడిదో చెప్పినారు. అలా చెప్పడం వల్లనే మూలం నశించిన కావ్యాల పేర్లు మనకు మిగిలినవి. ‘ముద్రామాత్యము’ అనే గ్రంథం ఒకటి ఉండేదని లోకం ఎరిగినది సింగన పుణ్యమే. జగన్నాథకవి సంకలనాన్ని ఆధారం చేసుకొనే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘ప్రబంధ రత్నావళి’ని వెలువరించి, మరుగున పడిన కవులను ఎందరినో వెలుగులోకి తెచ్చినారు. తాళపత్రం మీద గంటంతో వ్రాసుకొనే కాలంలో, ఒక్క అక్షరం ఎక్కువైతే ఒక్క ఆకు ఎక్కువయ్యే కాలంలో, వారు పేరు చెప్పడం మానలేదు. సంకలనకర్తకు ఇది మొదటి ధర్మం.

ఈ తూకపురాయితోనే నేను ఘంటసాల పాటల సీడీలను తూచదలచినాను. సీడీల కాలం దాదాపు ముగిసినది గదా, ఇప్పుడీ తూకం ఎందుకని చదువరులు అడుగవచ్చును. ముగిసినది కనుకనే తూచవలెను. వస్తువు పోయినా అందులోని తప్పొప్పులు పోలేదు. ఆ మాట చివర చెప్పుతాను.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న జన్మించి 1974 ఫిబ్రవరి 11న కీర్తిశేషులైనారు. 1945 నాటి ‘స్వర్గసీమ’తో వారి గొంతు తెరమీదికి వచ్చినది. అంటే లెక్కకు ముప్పది ఏండ్లు కూడ నిండని గాన జీవితం. ఆ ముప్పది ఏండ్ల పాట నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు మీద పుట్టి, చిన్న రికార్డులోకి, పెద్ద రికార్డులోకి, క్యాసెట్టులోకి, అటుపై సీడీలోకి ప్రవహించినది. సీడీ లోకంలో 1982లో పుట్టినా, మా ప్రాంతంలో క్యాసెట్టును వెనుకకు నెట్టడానికి దానికి ఇరువది ఏండ్లు పట్టినది. 2000 తరువాత కొన్నేండ్లు తాండూరు వెళ్ళితే ఏ దుకాణంలోనైనా ఘంటసాల ముఖచిత్రంతో నాలుగైదు రకాల డబ్బాలు కనబడేవి. ఒక్కొక్కటిగా నావద్ద ఒక అర నిండినది. కంపెనీల పేర్లతో నాకు పనిలేదు. కూర్చిన పద్ధతులతోనే పని.

మొదటి పద్ధతి, కథానాయకుని పేరిట కూర్చడం. రామారావు పాటలు, నాగేశ్వరరావు పాటలు అని వేరువేరు డిస్కులు. దుకాణదారునికి ఇది సులువు. కొనేవారికి కూడ గుర్తు సులువు. కాని విచారించి చూస్తే ఈ పద్ధతికి పునాది లేదు. ‘మాయాబజార్’ (1957)లోని పడవ పాటనే తీసుకొనండి. ఆ పాటలో మొదట శశిరేఖాభిమన్యులు, పిమ్మట రుక్మిణీకృష్ణులు, ఆ పిమ్మట రేవతీబలరాములు కనబడతారు. నాగేశ్వరరావు, రామారావు, గుమ్మడి ముగ్గురూ ఉన్న ఆ పాట ఎవరి డిస్కులో ఉండవలెను? మూడు జంటలకూ పాడినవారు ఘంటసాల, పి. లీల ఇద్దరే. ‘గుండమ్మ కథ’ (1962)లో రెండు జంటలూ కలిసి పాడే పాటకు కూడ ఇదే చిక్కు. మరొక వైపు చూడండి. ‘మిస్సమ్మ’ (1955)లో రామారావుకు పాడినది ఏ.ఎం. రాజా. ‘విప్రనారాయణ’ (1954)లో నాగేశ్వరరావుకు పాడినది కూడ ఏ.ఎం. రాజాయే. నటుని పేరు పెట్టి కూర్చినప్పుడు రాజా పాటలను పక్కన పెడితే నటునికి అన్యాయం. చేర్చి పేరు చెప్పకపోతే గాయకునికి అన్యాయం.

అయితే ఈ పద్ధతిలో ఒక మేలు ఉన్నదని ఒప్పుకొనవలెను. రెండు డిస్కులనూ వెంట వెంట విన్నవారికి ఘంటసాల గొప్పతనం కొత్తగా బోధపడుతుంది. రామారావుకు పాడేటప్పుడు గొంతులో ఒక నిండుతనం, పదాన్ని నిలబెట్టి వదిలే ఠీవి. నాగేశ్వరరావుకు పాడేటప్పుడు అదే గొంతు కొంచెం సన్నబడి, మాట చివర మెత్తబడుతుంది. ఇది అనుకరణ కాదు. పాత్రను ఎరిగి పాడడం. కూర్చినవాడు ఉద్దేశించని మేలు ఇది. అయినా మేలు మేలే.

మా బషీరాబాద్ తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినబడే సరిహద్దు చోటు. కన్నడం వినేవారి ఇండ్లలో రాజ్‌కుమార్ పాటల డిస్కులు ఉండేవి. అక్కడ నటుని పేరిట కూర్చడానికి కొంత న్యాయం ఉన్నది. 1974లో రాజ్‌కుమార్ తానే విరివిగా పాడనారంభించే వరకు ఆయనకు ప్రధానమైన గొంతు పి.బి. శ్రీనివాస్ గారిది. ఒక నటునికి ఒక గొంతు అన్నట్టుండేది. ఆ గొంతు మన కాకినాడలో పుట్టినది కావడం మనకు సంతోషం. తెలుగులో సంగతి వేరు. ఒక్క గొంతు అందరు నాయకులకూ పలికినది. అక్కడ కుదిరిన పద్ధతిని ఇక్కడ అంటగట్టితే కుదరదు.

రెండవ పద్ధతి, రసాన్ని బట్టి కూర్చడం. విషాద గీతాలు, భక్తి గీతాలు, యుగళ గీతాలు అని విభాగాలు. అలంకారశాస్త్రం చదువుకొన్నవానికి ఇది మొదట ప్రీతి కలిగిస్తుంది. కాని విషాద గీతాలు పదునెనిమిది వరుసగా వింటే విషాదం మిగలదు, విసుగు మిగులుతుంది. ‘దేవదాసు’ (1953) పాటలో దుఃఖం ఎందుకంత లోతుగా తాకుతుంది? అదే చిత్రంలో అంతకుముందు బాల్యపు అల్లరి, యౌవనపు చనువు ఉన్నవి గనుక. సంధ్య లేకుండా చీకటి తెలియదు. పైగా ఆ చిత్రానికి సంగీతం కూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ 1952లోనే అకాలమరణం పొందగా, మిగిలిన పనిని విశ్వనాథన్–రామమూర్తులు పూర్తిచేసినారు. చిత్రం పాటలన్నీ ఒకచోట వరుసగా ఉంటేనే ఆ చేతి మార్పును గమనించే అవకాశం ఉంటుంది. పదునెనిమిది చిత్రాల నుండి ఒక్కొక్కటి త్రెంచి తెచ్చిన దండలో ఏ తోట పూవు ఏదో తెలియదు.

మూడవది పద్యాల సంకలనం. తెలుగు పండితునిగా నాకు పక్షపాతం ఉన్నదంటే కాదనను. అయినా కారణం చెప్పుతాను. పద్యాన్ని చదవడం వేరు, రాగంలో పాడడం వేరు. నాటకాల వారు రాగానికి ప్రాధాన్యమిచ్చి, ఒక్క అక్షరం మీద సాగదీసి, యతిని మింగి, సమాసాన్ని ముక్కలు చేసేవారు. ఘంటసాల ఆ దీర్ఘాలాపాన్ని తగ్గించినారు. అన్వయం చెడకుండ ఆగవలసిన చోట ఆగినారు. అర్థం వినబడిన తరువాతనే రాగం వినబడేటట్లు పాడినారు. తరగతిలో ఉత్పలమాల గణాలు ఎంత చెప్పినా తలకెక్కని పిల్లవానికి, కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో రెండుమార్లు వినిపిస్తే నడక పట్టుబడుతుంది. ఇది నేను బడిలో పలుమార్లు చేసి చూసిన పని.

అయితే ఈ పద్యాల డిస్కులలో కూడ ఒక లోపం ఉన్నది. నావద్ద ఉన్న ఒకదానిలో రెండు భాగాల ఖండిక రెండు వేరు పాటలుగా విడిపోయి, వాటి నడుమ వేరొక చిత్రపు పద్యం వచ్చి కూర్చున్నది. మొదటి భాగం విన్న పిల్లవాడు కథ ఏమైనదని అడుగుతాడు. కూర్చినవాడు ఒక్కమారైనా మొదటి నుండి చివరి దాకా విన్నాడా అన్నది నా సందేహం. సంకలనకర్తకు రెండవ ధర్మం ఇదే. కూర్చినదానిని తాను వినవలెను.

నాలుగవది, సినిమాతో సంబంధం లేని రికార్డుల సంకలనం. దాశరథి, కరుణశ్రీ వంటి కవుల రచనలు, లలిత గీతాలు ఇందులోకి వస్తవి. అన్నిటిలో ఇది తక్కువగా దొరికినది, తక్కువగా అమ్మినది, నా దృష్టిలో ఎక్కువ విలువైనది. సినిమా పాటకు సినిమా తోడు ఉన్నది. బొమ్మ బ్రతికినన్నాళ్ళు పాట బ్రతుకుతుంది. ఈ లలిత గీతాలకు రికార్డు తప్ప వేరే ఆధారం లేదు. సంకలనం చేయకపోతే పోయేవానిని సంకలనం చేయడమే సింగన చేసిన పని.

ఈ సందర్భంలో ఘంటసాల భగవద్గీతను తలచుకొనక తప్పదు. అది వారి మరణానంతరం వెలువడినది. అది కూడ సంకలనమే అని మనం మరచిపోతాము. ఏడువందల శ్లోకాలలో నూటికి పైచిలుకు మాత్రమే ఏరి, తెలుగు తాత్పర్యంతో పాడినారు. కాని అధ్యాయాల క్రమం తప్పలేదు. అర్జునుని సందేహం ముందు, కృష్ణుని సమాధానం పిమ్మట. ఏరినా కథ తెగలేదు. మంచి సంకలనానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు. దురదృష్టమేమనగా మన ఊళ్ళలో దానిని చావు ఇంట మాత్రమే వేసే అలవాటు స్థిరపడినది. ప్రొద్దున్నే ఎవరి ఇంటినుండైనా ఆ గొంతు వినబడితే ఎవరు పోయినారని అడుగుతున్నాము. యుద్ధానికి వెనుకాడిన వానిని లేపి నిలబెట్టిన గ్రంథాన్ని పాడె ఎదుట మాత్రమే వినడం గ్రంథానికీ మర్యాద కాదు, గాయకునికీ మర్యాద కాదు.

అయిదవది, ఎంపీ3 డిస్కు. మామూలు సీడీలో 74 నిమిషాలు, మహా అయితే 80 నిమిషాలు పడుతుంది. మూడున్నర నిమిషాల పాటలు ఇరువది రెండింటికి మించవు. ఎంపీ3 డిస్కులో నూటికి పైగా పాటలు కుదించి నింపినారు. కుదింపులో ధ్వని నాణ్యం కొంత పోతుంది. చెవి పదునుగా ఉన్నవారికి తంబుర నాదం, తబలా చివరి మోత పలుచబడినట్లు తెలుస్తుంది. అయినా నేను వీటిని తీసివేయను. ఇరువది పాటలే ఏరవలసి వచ్చినప్పుడు ప్రతివాడూ ఆ ప్రసిద్ధమైన ఇరువదినే ఏరినాడు. నావద్దనున్న అయిదు డిస్కులలో సగం పాటలు అవే. నూటికి పైగా నింపవలసి వచ్చేసరికి, చోటు నింపడానికైనా ఎవరూ పట్టించుకోని పాటలు బయటికి వచ్చినవి. ఆడని చిత్రాలలోని మంచి పాటలు కొన్ని నాకు ఆ విధంగానే దొరికినవి.

ఆరవది పేరుకు సంకలనం. ముఖచిత్రం మీద ఘంటసాల, లోపల వేరొకరి గొంతు. అక్షరాలు వెదికితే ఎక్కడో మూలన సన్నగా కొత్త గాయకుని పేరు. ఇంకొన్నిటిలో గొంతు వారిదే కాని వెనుక కొత్త డప్పులు తగిలించినారు. పాత ముద్రణలోని సరసర శబ్దాన్ని తొలగించడం శుభ్రపరచడం. పాటకు లేని వాద్యాన్ని తగిలించడం ప్రక్షిప్తం. కావ్యంలో ప్రక్షిప్తాలను ఏరివేయడానికి పండితులు జీవితాలు ధారపోసినారు. పాటలో మనం డబ్బిచ్చి ప్రక్షిప్తాలను కొన్నాము.

పాఠభేదాల మాట కూడ చెప్పవలెను. పది అంగుళాల 78 రికార్డు ఒక ముఖాన మూడు, మూడున్నర నిమిషాల పాటయే ఇముడుతుంది. అందుకని తెరమీద నిడివిగా ఉన్న పాటను రికార్డు కొరకు కుదించడం, ఒక చరణం వదలడం ఆ నాటి వాడుక. ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల కూర్చిన దర్బారీ కానడ పాట వంటిది ఒక ముఖాన ఎట్లా పట్టగలదు? సీడీలో ఆ ఇబ్బంది లేదు. అయినా కూర్చినవారు చాలావరకు రికార్డు పాఠాన్నే ఎత్తి పెట్టినారు. సినిమా పాఠం ఒకటి, రికార్డు పాఠం ఒకటి ఉన్నవని ఎక్కడా సూచన లేదు. పాఠాంతరం చూపని పరిష్కర్తను మనం పరిష్కర్త అనము.

ఇక అన్ని పద్ధతులకూ ఉమ్మడియైన లోపం, నా అభియోగమంతా దేని మీదనో అది. డబ్బా లోపలి కాగితం. చాలావాటిలో పాట మొదటి మాటలు, చిత్రం పేరు, అంతే. కవి పేరు లేదు. పాడిన స్త్రీ పేరు లేదు. పి. లీల కేరళలో పుట్టి, తెలుగును తెలుగువారికన్న స్వచ్ఛంగా పలికినది. యుగళ గీతంలో సగం ఆమెది, జిక్కిది, సుశీలది, జానకిది. కాగితం మీద మాత్రం మొత్తం ఒక్కరిదే. కవి పేరు వేసిన చోట ‘సముద్రాల’ అని వదిలేసినారు. ఏ సముద్రాల? తండ్రి రాఘవాచార్యులా, కుమారుడు రామానుజాచార్యులా? ఇద్దరూ సినిమా కవులే, ఇద్దరి పాటలూ ఘంటసాల పాడినారు. తెలుగు పాటల డిస్కు మీద తెలుగు అక్షరమే లేక రోమన్ లిపి ఒక్కటే ఉన్నవి ఎన్నో. ఆ లిపిలో కల, కళ, కాల మూడూ ఒక్క తీరుగానే ఉంటవి. చదివేవాడు దేనిని పట్టుకోవలెను?

సంగీత దర్శకుని సంగతి మరీ విచిత్రం. ఘంటసాల గాయకుడే కాదు. ‘పాతాళభైరవి’ (1951), ‘లవకుశ’ (1963) వంటి చిత్రాలకు సంగీత దర్శకుడు. లవకుశలో లీల, సుశీల కలిసి పాడిన పాటలు ఊరూరా మారుమ్రోగినవి. కాని ‘ఘంటసాల పాటలు’ అంటే ఆయన పాడినవి మాత్రమే అన్న అర్థంలో కూర్చినందున, ఆయన కట్టిన ఆ మహత్తరమైన వరుసలు ఆయన డిస్కులో లేవు! ‘మాయాబజార్’లో కొన్ని పాటలకు వరుసలు సాలూరు రాజేశ్వరరావుగారివనీ, తక్కిన భారమంతా ఘంటసాలగారు వహించినారనీ ప్రసిద్ధి. అటువంటి వివరం ఒక్క పంక్తి వేసినా వినేవాని జ్ఞానం పెరిగేది.

పాశ్చాత్యులలో దీనికి ఒక మేలైన మార్గం కనబడుతుంది. ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందానికి 1973లో రెండు సంకలనాలు వచ్చినవి. 1962 నుండి 1966 వరకు ఒకటి, 1967 నుండి 1970 వరకు రెండవది. కాలక్రమంలో వింటే బృందం ఎదిగిన తీరు తెలుస్తుంది. 2000లో ‘వన్’ అనే పేరుతో, అమ్మకాల పట్టికలో ప్రథమ స్థానం పొందిన 27 పాటలను ఒక్క డిస్కులో వేసినారు. అది జనం మెచ్చిన లెక్క. రెండింటి ఉద్దేశమూ స్పష్టం, రెండూ ఉండవచ్చును. అక్కడ కూడ వ్యాపారం లేకపోలేదు; మొదటి సంకలనాన్ని 1993లో సీడీగా తెచ్చినప్పుడు, ఒక్క డిస్కులో పట్టే 26 పాటలను రెండు డిస్కులలో పెట్టి అమ్మినారు. కాని ఏ పాట ఏ సంవత్సరానిదో, ఎవరు కట్టినదో దాచలేదు. మన ఘంటసాలకు 1945 నుండి 1974 దాకా కాలక్రమంలో కూర్చిన డిస్కు నా చేతికి ఏనాడూ రాలేదు. లేత గొంతు ఎట్లా ముదిరినది, ఎట్లా నిండినది, చివరి ఏండ్లలో అనారోగ్యంతో ఎట్లా అలసినది, అలసియు ఎట్లా నిలిచినది అన్నది క్రమంగా వినే భాగ్యం మనకు కలుగలేదు.

సీడీ పోయినా తప్పులు పోలేదని మొదట అన్నాను. కారణం ఇది. నేడు చరవాణిలో పాట వింటున్నాము. తెరమీద పాట క్రింద కనబడే వివరాలు ఆ పాత డబ్బా కాగితాల ఒరవడిలోనే ఉన్నవి. కవి పేరు అక్కడ లేదు, ఇక్కడా లేదు. సముద్రాల అక్కడ ఒక్కరే, ఇక్కడా ఒక్కరే. కాగితం మీది తప్పు ఒక ఇంటిలో ఉండేది. ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి సినిమా కవులకు, సంగీత కర్తలకు రాయల్టీ హక్కును గట్టిపరచినారు. ఎవరు వ్రాసినారో తెలియని పాటకు ఆ రాయల్టీ ఎవరి వారసులకు పోవలెను? కనుక పేరు అనేది పండితుల చాదస్తం మాత్రమే కాదు, కూడుగుడ్డల సంగతి కూడ.

మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురణ తరువాత 60 ఏండ్ల వరకే. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్ నాటి ముద్రణలు ఆ గడువు దాటినవి. సాహిత్యం మీద, వరుస మీద హక్కు కర్త మరణించిన తరువాత 60 ఏండ్లు ఉంటుంది కనుక వారి వారసుల అనుమతి అవసరమే. అయినా మునుపటికన్న దారి సుగమమైనది. ఒక విశ్వవిద్యాలయం పూనుకొని, ప్రతి పాటకూ చిత్రం, సంవత్సరం, కవి, సంగీత కర్త, గాయనీగాయకులు, పాఠభేదం అని ఆరు వివరాలతో తెలుగు లిపిలో ఒక ప్రామాణిక పట్టిక కూర్చితే చాలును. పాటలను ఎవరు ఏ రూపంలో అమ్ముకున్నా ఆ పట్టిక నిలుస్తుంది.

అంతవరకు ప్రతి శ్రోతా తన మట్టుకు తాను చేయదగిన పని ఒకటి ఉన్నది. ఇంటిలో పాత డిస్కులు ఉన్నవారు వాటిని పారవేయక ముందు, ఒక కాగితం మీద ప్రతి పాటకూ ఎదురుగా కవి పేరు వ్రాసి డబ్బాలో పెట్టండి. తెలియకపోతే పెద్దలను అడగండి, లేదా చిత్రం మొదట వచ్చే పేర్లను చూడండి. మనుమలకు పాట వినిపించేటప్పుడు పింగళి నాగేంద్రరావు అని, మల్లాది రామకృష్ణశాస్త్రి అని, కొసరాజు అని, దాశరథి అని, సినారె అని ఒక్కమారు పలకండి. గాయకుని గొంతు తనను తానే కాపాడుకొంటుంది, విన్న మరుక్షణం గుర్తుపడతాము. కవికి గొంతు లేదు. పేరే ఆయన గొంతు.